మంచి జరిగితే తెరవాల్సిన సీసా

ఓడ ఎక్కేచోట సంచుల్ని తనిఖీ చేసే యంత్రం దగ్గర మా సంచి ఒకటి ఆగిపోయింది. యంత్రం వెనక కూచున్న మనిషి తెర మీద వేలు పెట్టి, "ఎవరిదండీ ఈ సీసా?" అని అడిగాడు.

మాది కాదని చెప్పబోయాను. మేమిద్దరం తాగేవాళ్ళం కాదు. ఎక్కడైనా విందుకి వెళ్ళినప్పుడు ఎవరైనా చేతిలో గ్లాసు పెడితే, దాన్ని పట్టుకుని కాసేపు తిరిగి, ఎవరూ చూడనప్పుడు ఏ కిటికీ గట్టు మీదో పెట్టేసి వచ్చే రకం.

"మాదే," అంది మా ఆవిడ నా వెనకనుంచి. "వైను. మనిషికో సీసా తెచ్చుకోవచ్చని మీ కాగితంలోనే రాశారుగా."

"తెచ్చుకోవచ్చమ్మా, మూత తియ్యకుండా ఉంటే చాలు. గదిలో తాగుతారా, భోజనాల హాల్లోనా? హాల్లో అయితే తెరిచినందుకు కొంచెం రుసుము ఉంటుంది."

"హాల్లోనే."

అతను సీసాని బయటికి తీసి వెలుతురుకి పట్టుకున్నాడు. "ఇదేంటమ్మా, మా ఓడ కంటే పెద్ద వయసులా ఉంది!" అని నవ్వి ఇచ్చేశాడు.

అప్పుడు గుర్తుపట్టాను. మా ఇంట్లో ఫ్రిజ్ మీద నిలబడి ఉండే సీసా అది. పెళ్ళయిన కొత్తలో వానకి తడవకుండా ఒక దుకాణంలో దూరి, ఊరికే నిలబడితే బాగుండదని మొహమాటంతో కొన్నాం. "ఏదైనా మంచి జరిగినప్పుడు తెరుద్దాం," అంది ఆమె. పందొమ్మిదేళ్ళ కిందటి మాట.

మంచి జరగలేదని కాదు. నన్ను ల్యాబులో పెద్ద పనివాణ్ణి చేసిన రోజు తెరుద్దామనుకున్నాం. ఆ రోజే నాకు పంటినొప్పి వచ్చింది. పళ్ళ సెట్లు తయారుచేసేవాడికి పంటినొప్పేమిటని ఆమె పడీ పడీ నవ్వింది, సీసా అలాగే ఉండిపోయింది. ఇల్లు కొన్నప్పుడు, "కొన్నంత మాత్రాన మంచి జరిగినట్టా? ముందు ఒక వానాకాలం గడవనివ్వండి," అంది. వానాకాలం వచ్చింది, వంటింటి కప్పు కారింది. ప్రతి మంచికీ ఎక్కడో ఒకచోట చిన్న చిల్లు ఉండేది. తర్వాత్తర్వాత ఆ సీసా గురించి మాట్లాడటం మానేశాం. వారానికోసారి ఇల్లు దులిపేటప్పుడు దానిమీద కూడా గుడ్డ పడేది, అంతే.

ఇప్పుడు ఆమె దాన్ని నాకు చెప్పకుండా సంచిలో పెట్టుకొచ్చింది. అంటే ఏదో మంచి జరిగింది. ఏం జరిగిందో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆమెకి తెలియదు.

మూడు వారాల కింద గోళ్ళు తీసుకునే కత్తెర కోసం ఆమె చేతిసంచిలో వెతుకుతుంటే ఒక ఉత్తరం దొరికింది. ఆమె నర్సింగు స్కూల్లో పాఠాలు చెబుతుంది. రైల్లో పది గంటల దూరంలో ఉన్న ఊళ్ళో కొత్తగా స్కూలు తెరుస్తున్నారట. దానికి ఆమెని ప్రిన్సిపాల్‌గా తీసుకున్నారు. అంతవరకూ చదివి సంతోషించాను, నిజంగానే. కింద ఇంకో వాక్యం ఉంది: "మీరు కోరిన విధంగా ఒక్కరికి సరిపడే వసతి కేటాయించాము."

మీరు కోరిన విధంగా.

ఆ ఉత్తరాన్ని మడత నలగకుండా ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేశాను. గోళ్ళు తీసుకోలేదు. ఆ సాయంత్రం ఆమె, "ఏమండీ, ఈ నెల్లో ఓడ మీద నాలుగు రోజులు వెళ్ళొద్దామా? టిక్కెట్లు నేను తీసుకుంటాను," అంటే, ఎప్పుడూ అనే మాటే అన్నాను: "నీ ఇష్టం."

* * *

భోజనాల హాల్లో మాకు ఆరు గంటల పంక్తి. కిటికీ పక్కన ఇద్దరికి సరిపడే బల్ల. ఇంకా ఎండ ఉంది. నీళ్ళ మీదనుంచి వచ్చిన వెలుతురు పైకప్పు మీద కదులుతోంది. దాన్ని చూస్తుంటే కదులుతున్నది ఓడో, వెలుతురో, నేనో తేలలేదు.

మా బల్లకి వడ్డించేది నెరిసిన జుట్టు పెద్దాయన. సీసాని రెండు చేతులతో అందుకుని, మర చువ్వ గుచ్చి బిరడా లాగబోతే అది కాస్తా పొడిపొడిగా రాలింది. "కంగారు పడకండమ్మా," అని సన్నటి జల్లెడ తెప్పించి వడగట్టి పోశాడు. రంగు ఎర్రగా ఉండాలి కదా. పాత ఇటుక రంగులో ఉంది.

ఆమె ఒక గుక్క తాగింది. నేనూ తాగాను.

మా ల్యాబులో ఒక ద్రావకం ఉంటుంది, అచ్చులు శుభ్రం చెయ్యడానికి. దాని వాసన చూసినప్పుడు దవడల వెనక ఎక్కడో కలుక్కుమంటుంది. అదే కలుక్కు. వైను రుచి ఇలాగే ఉంటుందేమోనని కూడా అనుకున్నాను. లోకంలో అంతమంది ఇష్టపడి తాగుతున్నారంటే లోపం నా నాలుకదే అయ్యుండాలి.

"బాగుంది కదూ?" అంది ఆమె.

"చాలా బాగుంది."

"నిజంగానా?"

"నిజంగానే. నీకు?"

"మీకు బాగుంటే నాకూ బాగున్నట్టే."

ఆ మాటని నోట్లో పెట్టుకుని చాలాసేపు తిప్పాను. బాగుందని ఒప్పుకున్నట్టా, బాగాలేదని చెప్పినట్టా? నాకోసం అన్నదా, నన్నంటున్నదా? నేను మనుషుల నోళ్ళు చూడను, నోళ్ళ అచ్చులు చూస్తాను. మైనంలో దిగిన పంటిగాటు చూసి ఈ మనిషి ఎడమవైపు నములుతాడు, నిద్రలో పళ్ళు కొరుకుతాడు అని చెప్పగలను. ఎదురుగా కూచుని మాట్లాడే నోరు ఏమంటోందో మాత్రం పట్టుకోలేను. "మీకు మనుషులకంటే వాళ్ళ దవడలే దగ్గర," అని ఆమె ఎన్నోసార్లు అంది. దాన్ని కూడా వేళాకోళమనే అనుకున్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టి, వేలితో బల్లగుడ్డ మీద గీత గీస్తూ, "మీతో ఒక సంగతి చెప్పాలి," అంది.

నేను చెయ్యెత్తి పెద్దాయన్ని పిలిచి మంచినీళ్ళు అడిగాను. నీళ్ళు బల్ల మీదే ఉన్నాయి. ఆయన ఉన్న గ్లాసులోనే ఇంకొంచెం పోసి వెళ్ళాడు. తర్వాత రొట్టె బాగుందన్నాను. ఎండ ఇంకా తగ్గలేదన్నాను. మూడు వారాలుగా ఆమె నోరు విప్పాలని ఎదురుచూసినవాణ్ణి, తీరా విప్పేసరికి వాకిలి తలుపు వేసేశాను. చెప్పనంతవరకూ జరగనట్టేనని నాలో ఎవడో ఒకడు గట్టిగా నమ్ముతున్నాడు. వాడు నాకంటే చిన్నవాడు, నాకంటే మొండివాడు.

ఆమె బల్లగుడ్డ మీది గీతని అరచేత్తో చెరిపేసి, "సరే. మిగతాది రేపు," అంది.

వైను సంగతో, మాట సంగతో!

పెద్దాయన సీసాకి రబ్బరు మూత బిగించి, ఒక అట్టముక్కా కలమూ నా ముందు పెట్టాడు. "మిగిలింది దాచిపెడతాం సార్. రేపు ఇదే వేళకి మీ బల్ల మీద ఉంటుంది. గది నెంబరు వేసి సంతకం పెట్టండి, చాలు."

వేశాను. ఆయన అట్టని సీసా మెడకి కట్టుకుని తీసుకుపోయాడు.

* * *

మర్నాడంతా ఆమె పైన వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుని పుస్తకం చదివింది. నేను రెయిలింగు పట్టుకుని ఓడ చుట్టూ తిరిగాను. "ఆ ఉత్తరం చూశాను," అని ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. ఒక చుట్టు తిరిగి ఆమె దగ్గరికి వచ్చేసరికి అది "ఉత్తరం ఏమైనా వచ్చిందా?" అయింది. ఇంకో చుట్టు తిరిగేసరికి "కాఫీ తాగుతావా?" అయింది.

"మూడోసారి అడుగుతున్నారు," అంది పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఏమైంది మీకు, కాలుకాలిన పిల్లిలా?"

"ఏం లేదు. ఓడ పెద్దది కదా, చూస్తున్నాను."

మెట్ల దగ్గర గుబురు మీసాలతో ఒకాయన నన్ను ఆపాడు. మాకు రెండు బల్లల అవతల భోంచేసే మనిషి. "నిన్న మీరూ సొంత సీసా తెచ్చుకున్నారు, చూశాను," అన్నాడు, ఒక రహస్య సంఘంలో సభ్యుణ్ణి పలకరించినట్టు. "తెలిసినవాళ్ళు అంతేనండీ. ఓడవాళ్ళు పోసేది తాగితే పాపం. మేం ఒక సీసా తెచ్చి రోజుకి కొంచెం కొంచెం. మా ఇంటావిడ కొలిచి పోస్తుంది, పసివాడికి మందు పట్టినట్టు."

తెలిసినవాడిలా తల ఊపాను. అలా ఊపడం తేలిగ్గా ఉంది. ఆ పూట నాకు తేలిగ్గా ఉన్న పని అదొక్కటే.

సాయంత్రం ఆరింటికి పెద్దాయన గుడ్డ చుట్టిన సీసా తెచ్చి పోశాడు. రంగు కూడా తేరుకున్నట్టు అనిపించింది. ఒక గుక్క తాగి నేను ఆగిపోయాను. గొంతులో ఏదీ గుచ్చుకోలేదు. మెత్తగా దిగింది. దిగాక, ఏదో పండు తిన్న జ్ఞాపకంలాంటిది వెనక్కి వచ్చింది.

ఆమె కూడా ఆగిపోయింది. గ్లాసుని చూసి, నన్ను చూసింది. "నిన్నటికీ ఇవాళ్టికీ..."

"గాలి తగిలితే బాగుపడుతుందట," అన్నాను. ఎవరూ నాకు చెప్పలేదు. అప్పటికప్పుడు పుట్టింది.

"మీకెలా తెలుసు?"

"తెలిసినవాళ్ళు చెప్పారు."

ఆమె నవ్వింది. చాలాకాలానికి నవ్వింది, లేదా చాలాకాలానికి నేను చూశాను. "అయితే ఒకటి చెప్పనా? నిన్న దీన్ని మింగలేక చచ్చాను. మీరు బాగుందన్నారని తాగాను."

"నువ్వు బాగుందన్నావని నేను తాగాను."

"అయ్యో రాత! ఇద్దరం కలిసి..." అని ఇంకా నవ్వుతోంది. ఇప్పుడు చెప్తే వింటాను, ఎలాంటిదైనా వింటాను అనిపించింది. ఆమె కూడా ముందుకి వంగింది.

"పెద్దాయనా!" అని ఒక కేక వినిపించింది.

మీసాలాయన సీసా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నీకూ నాకూ ఏమైనా పాత పగ ఉందా? ఇది వైనా, గచ్చు కడిగే మందా?"

"వాసన చూసినప్పుడే చెప్పాను," అంది ఆయన భార్య కూచున్నచోటినుంచి. "వింటేగా! సగం గ్లాసు ఎత్తేశాక గానీ తప్పు ఒప్పుకోరు. పెళ్ళైనప్పటినుంచీ ఇదే తంతు."

పెద్దాయన పరుగున వెళ్ళి ఆ సీసా మెడకున్న అట్ట చూశాడు. తర్వాత మా బల్ల దగ్గరికి వచ్చి మా సీసా అట్ట చూశాడు. ఆయన మొహం పాలిపోయింది. "రెండిటి మీదా ఏడువందల పద్నాలుగే ఉంది సార్. ఇందాక దాచిన చోట చూస్తే పద్నాలుగు పేరున రెండు సీసాలు, మీ గది ఏడువందల నలభై ఒకటి పేరున ఒక్కటీ లేదు. రెండిట్లో ఒకటి మీదే అయ్యుంటుందనుకున్నాను. ఏది ఎవరిదన్న దగ్గర తప్పాను."

"పద్నాలుగు మా గది," అన్నాడు మీసాలాయన. ఆ అట్టలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత మెల్లగా నావైపు తిరిగాడు. "అంటే ఈయన మా గది నెంబరు వేసి, తన కషాయం మాకు పంపి, మా వైను తాను పుచ్చుకుంటున్నాడన్నమాట. ఆహా! తెలిసినవాడంటే ఇలా ఉండాలి!"

చుట్టుపక్కల బల్లలవాళ్ళు నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగలా కూచున్నాను. క్షమించమన్నాను, రెండుసార్లు అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "తాగింది తాగారు, అరిగించుకోండి. మిగిలింది మాత్రం ఇటివ్వండి," అని తన సీసా తాను పట్టుకుపోయాడు. మా సీసా మా ముందుకి వచ్చింది. అడుగున కాస్త మిగిలి ఉంది.

మా ఆవిడ నవ్వలేదు. సీసా మెడకి వేలాడుతున్న అట్టని వేళ్ళతో తిప్పి చూస్తోంది.

"మీ చేతిరాతే," అంది.

"అవును."

"ఏడు, ఒకటి, నాలుగు. ఎంత శుభ్రంగా రాశారో! తడబాటు కూడా లేదు."

మా ల్యాబుకి వచ్చే ప్రతి అచ్చుకీ ఒక నెంబరు వేసి అట్ట కట్టాలి. అది తప్పితే ఒకరి పళ్ళు ఇంకొకరి నోటికి పోతాయి. ఇరవయ్యారేళ్ళలో నా చేత్తో వేసిన నెంబరు ఒక్కటీ తప్పలేదు. జ్వరంలో కూడా. మా అమ్మ పోయిన వారంలో కూడా. అది నాకంటే ఆమెకే ఎక్కువ గర్వం.

"ఎందుకలా రాశారు?"

"తెలీదు."

"తెలీదంటే?"

నిజంగానే తెలియదు. కలం పట్టుకున్న క్షణాన్ని గుర్తుతెచ్చుకోబోయాను. అక్కడ ఏమీ లేదు, సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. మనసు చేసే తప్పుని చెయ్యి తనమీద వేసుకుంటుంది. చేతిని అడిగి లాభం లేదు. అయినా నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

"ఈ సీసా ఇవాళ మన బల్ల మీదికి రాకూడదనుకున్నానేమో."

"ఎందుకు రాకూడదు?"

"ఇది అయిపోయాక నువ్వు చెప్తావు."

"ఏం చెప్తాను?"

"ఒక్కరికి సరిపడే వసతి."

ఆమె అట్టని వదిలేసింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు ఆమె మెడ మీద కదులుతోంది. కోప్పడుతుందనుకున్నాను. చేతిసంచి ఎందుకు వెతికారని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు సిద్ధంగా ఉంది: గోళ్ళ కత్తెర. ఆమె అది అడగలేదు.

"ఎప్పుడు చూశారు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలనుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నారా?"

"నువ్వూ అంతేగా."

"నేనా?" అంది. "నేను దరఖాస్తు పెట్టేరోజు అడిగాను మిమ్మల్ని. వేరే ఊళ్ళో ఉద్యోగమొస్తే ఏం చేద్దామని. మీరు ఏమన్నారో గుర్తుందా?"

గుర్తులేదు. కానీ ఏమని ఉంటానో తెలుసు.

"నీ ఇష్టం," అంది ఆమె, నా గొంతుతో. సరిగ్గా నాలాగే అంది, చివర్లో కొంచెం గాలి వదిలి. "టిక్కెట్లు తీసుకోనా అంటే నీ ఇష్టం. గోడలకి ఏ రంగు అంటే నీ ఇష్టం. నేను గొప్పమనిషిని చేసుకున్నానని మా వాళ్ళంతా మురిసిపోతారు. నా ఇష్టం, నా ఇష్టం అని వినీ వినీ, ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నేనేమో అనిపించింది నాకు. వసతి ఎంతమందికి కావాలని ఫారంలో అడిగారు. ఉన్నమాట రాశాను."

నేను ఇన్నాళ్ళూ దాన్ని ప్రేమ అనుకున్నాను. అడ్డు రాకపోవడం, పక్కకి తప్పుకుని దారివ్వడం. దారి పొడుగునా పక్కకి తప్పుకుంటూ వచ్చినవాడు ఆమెకి ఎక్కడ కనిపిస్తాడన్నది నాకు తట్టలేదు. తట్టిందేమో. తట్టినదాన్ని ఎక్కడ పెట్టేశానో.

"అయితే ఇది ఎందుకు తెచ్చావు?" అని సీసా చూపించాను. "నాకు టాటా చెప్పడానికా?"

"ఏమో. నాకూ తెలీదండీ." ఆమె సీసాని తనవైపు తిప్పుకుంది. "మంచి జరిగింది కదా, తెరుద్దామనుకున్నాను. తెరిచి కూచున్నాక, మంచి జరిగింది నాకా మనకా అని సందేహం వచ్చింది. మీరేమైనా అంటారని చూశాను. మీరు నీళ్ళడిగారు."

ఏదో ఒకటి అనాలి. నాలుక చివర పాతమాటే సిద్ధంగా ఉంది, రెండు ముక్కలు, అరిగి నున్నబడ్డవి. దాన్ని మింగాను. నిన్నటి వైను కంటే కష్టంగా దిగింది.

"నాకు ఆ ఊరు రావాలని ఉందో లేదో తెలీదు," అన్నాను. "అక్కడ నాకు పని దొరుకుతుందో లేదో తెలీదు. నిన్ను వెళ్ళొద్దనను. కానీ నువ్వు ఒక్కదానివే వెళ్ళడం నాకు ఇష్టం లేదు."

ఆమె గ్లాసు పక్కకి జరిపింది. "ఇంకోసారి అనండి."

"ఇష్టం లేదు."

"ఇది మీ మాటేనా, నేను వినాలని అన్నారా?"

"అదీ తెలీదు."

"సరే," అంది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "తెలుసుకోండి. నేనైతే వెళ్తున్నాను. రమ్మని బతిమాలను, వద్దని అనను. ఈసారి మీవంతు మీరే చెయ్యాలి."

ఆమె గదివైపు వెళ్ళిపోయింది. పెద్దాయన వచ్చి, మొహమాటంగా, "ఇది దాచమంటారా సార్?" అన్నాడు. వద్దన్నాను. తీసుకెళ్ళి పారబోయమన్నాను. ఆయన నాకంటే ఎక్కువ ఊరట పడ్డట్టు కనిపించాడు.

* * *

పొద్దున్న ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు గదిలో ఉన్న చిన్న బల్ల దగ్గర కూచుని మా ల్యాబు యజమానికి ఉత్తరం రాశాను. సెలవు కావాలని మొదలుపెట్టాను. ఎన్నాళ్ళని రాయాలో తోచక కలం ఆగింది. స్నానాల గది తలుపు దగ్గరికి వెళ్ళి, "ఎన్నాళ్ళు పెట్టమంటావు?" అని అడగబోయి, నోరు మూసుకుని వెనక్కి వచ్చాను. ఆర్నెల్లని రాశాను. తక్కువా ఎక్కువా? అది సెలవుచీటీయో రాజీనామాయో చదివేవాడే తేల్చుకోవాలి. మళ్ళీ చదివితే చింపేస్తానని తెలిసి, చదవకుండా కవర్లో పెట్టాను.

కింద రిసెప్షన్‌లో ఇస్తే తర్వాతి రేవులో పోస్టు చేస్తారు. నా ముందు ఇద్దరున్నారు. ఇద్దరూ త్వరగా కదిలిపోతే బాగుండునని, అస్సలు కదలకపోతే బాగుండునని అనుకున్నాను. నా వంతు వచ్చింది. కౌంటరు దగ్గరమ్మాయి కవరు అందుకుని వెనక్కి తిప్పింది.

"పంపేవారి చిరునామా రాయలేదు సార్. జవాబు ఎక్కడికి రావాలి?"

కలం తీసుకున్నాను. మా ఇంటి నెంబరు చేతికి దానంతటదే వచ్చేసింది, మొదటి అంకె రాసేశాను కూడా. ఆగి, కొట్టేశాను. దాని కింద ఆ కొత్త ఊరి పేరు రాశాను. ఊరి పేరుకి ముందు వీధి ఉండాలి, వీధికి ముందు ఇల్లు. నాకు ఇవేమీ తెలియవు. ఆమెకి వచ్చిన ఉత్తరంలో ఉండే ఉంటాయి, నేను చదవలేదు. ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను.

"ఇల్లు ఎక్కడో తెలీదమ్మా," అన్నాను.

"తెలీదా? అక్కడ ఎవరుంటారు సార్?"

"మేమే," అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక, చెప్పింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆ అమ్మాయికి మాత్రం అనుమానం రాలేదు. తల ఊపి కవరు పక్కన పెట్టింది.

"అడిగి వస్తాను. ఉంచుతావా, ఒక్క నిమిషం?"

"పదకొండు లోపు రండి. తర్వాత సంచి కట్టేస్తాం."

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కాను. మూడో అంతస్తు దాటాక ఆయాసం వచ్చింది, రెయిలింగు పట్టుకున్నాను. ఆమె ఏమంటుందో తెలియదు. మీకెందుకు అనొచ్చు. వసతి ఒక్కరికే, ఎక్కడ పడుకుంటారు అనొచ్చు. అయినా అడగాల్సిన ప్రశ్న ఒకటి చేతిలో ఉంది, అది చాలా చిన్నది. ఇంటి నెంబరు ఎంత? దాన్ని మరిచిపోకుండా పైకి అంటూ మిగతా మెట్లు ఎక్కాను.